దారం చూపిన గాలి

ఆ శుక్రవారం చీర అంచు సగం గీశానో లేదో కంప్యూటర్ ఆగిపోయింది. ఆ వారంలో అది ఎనిమిదోసారి.

సోమవారం పొద్దున కరీంనగర్ నుంచి చీరల వ్యాపారి ప్రేమ్‌చంద్ సేటు మా నేత షెడ్డుకు వస్తానన్నాడు. తన కళ్లముందే అంచు గీసి, అడిగిన మార్పులు అక్కడికక్కడే చేసి చూపిస్తే నాలుగు వందల చీరల పని మాది. లేదంటే మా బాపు ఎప్పటిలా ఆ తెల్ల గుడ్డే నేస్తూ ఉండాలి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేనే. అదీ కంప్యూటర్ డిగ్రీ.

ఇంట్లో జాగ లేక కంప్యూటర్‌ను షెడ్డు మూలన పెట్టాం. పక్కనే ఆరు సాంచాలు, అదే మరమగ్గాలు, టకటకమంటూ నడుస్తుంటాయి. గాలి నిండా దూది నూగే. కంప్యూటర్ డబ్బా పక్క రేకు విప్పి చూస్తే లోపల దుప్పటి పరిచినట్టుంది. ఆ వేడికే ఆగిపోతోంది.

శనివారం కరీంనగర్ పోయి మూడు చిన్న ఫ్యాన్లు తెచ్చాను. లోపలంతా బ్రష్‌తో దులిపి ముందు రెండు, వెనక ఒకటి బిగించాను. మా షెడ్డు గోడకున్న పెద్ద ఫ్యాన్లన్నీ నూగును బయటికి తోసేవే. పుట్టినప్పటి నుంచి ఫ్యాన్ అంటే నాకు తెలిసిన పని అదే. అందుకే మూడూ బయటికి ఊదేటట్టే పెట్టాను.

ఆదివారం మధ్యాహ్నానికి మళ్లీ ఆగిపోయింది. విప్పితే లోపల కొత్త నూగు.

పక్క షెడ్డు మల్లన్న మామ చేతులు కట్టుకొని నిలబడ్డాడు. "ఏం వందనా, మూడు ఫ్యాన్లు పెడితివి. డబ్బా ఇగ ఇమానం లెక్క లేస్తదనుకున్న. మల్ల పడుకున్నదా?"

"జర ఊకో మామా."

"పరేషాన్ గాకు. రేపు సేటు వచ్చినప్పుడు గంట సేపు సాంచాలు బంద్ పెట్టుండ్రి. నూగు లేవది, డబ్బా ఆగది. సేటుకేం ఎరుక?"

సాంచె మీది నుంచి తల ఎత్తకుండానే బాపు అన్నాడు. "సేటుకు ఎరుక లేదు బావా, నాకున్నది గదా. పని దొరికినంక దినాం ఎట్ల నడవాలె?"

నాకు ఏడుపొచ్చింది. బాపు చెయ్యి తుడుచుకొని వచ్చి, జేబులోంచి జానెడు దారం తీశాడు. సాంచె మీద పోగులు ఊరికే తెగుతుంటే ఏ సందులోంచి గాలి కొడుతోందో ఆయన అట్లాగే చూస్తాడు. కిటికీ దగ్గరా, తలుపు దగ్గరా దారం పట్టుకొని నిలబడతాడు.

"చాలూ చెయ్యి బిడ్డా."

డబ్బా రేకు మూసి కంప్యూటర్ ఆన్ చేశాను. బాపు దారాన్ని పక్క సందు దగ్గర పట్టుకున్నాడు. అది లోపలికి పోయింది. పైన సందులో కూడా లోపలికే, కింద కూడా లోపలికే.

"చూసినవా? నువ్వు గాలిని బయటికి తోస్తున్నవ్. గాలి ఊకుంటదా? దొరికిన సందుల్లకెల్లి మల్ల లోపలికి వస్తుంది. నూగును ఎంటేసుకొనే వస్తుంది."

నా తప్పు నాకు అప్పుడు తెలిసింది. లోపలంతా మళ్లీ తుడిచి, ముందున్న రెండు ఫ్యాన్లను తిప్పి లోపలికి ఊదేటట్టు బిగించాను. వెనకది మాత్రం బయటికే. గాలి వచ్చే దారిలో జల్లెడ ఉంటే నూగు అక్కడే ఆగుతుంది.

జల్లెడకు మా తెల్ల గుడ్డే కత్తిరించి పెట్టాను. బాపు దారం పెట్టి చూశాడు. కదల్లేదు.

"నేను నేసిన గుడ్డ బిడ్డా, గాలి ఎట్ల దూరుతది!" అని నవ్వాడు. పాత దోమతెర ముక్క తెచ్చి, రెండు పొరలు వేసి, పై పొరను జర అడ్డంగా తిప్పాడు. తెర రంధ్రాలు సన్నబడ్డాయి, గాలి మాత్రం ఆగలేదు. అవ్వ తన కుట్టుపని చట్రాలు రెండు ఇచ్చింది. దోమతెరను వాటిలో బిగించి ఫ్యాన్ల ముందు టేపుతో అతికించాను.

ఈసారి ఏ సందు దగ్గర పెట్టినా దారం బయటికి ఎగిరింది.

సోమవారం ఆరు సాంచాలూ నడుస్తుండగానే సేటు వచ్చి కూచున్నాడు. మల్లన్న మామ కూడా గుమ్మంలో చేరాడు, ఏమవుతుందో చూడ్డానికి. నేను కంప్యూటర్ తెర మూలన వేడి అంకె చూస్తూ గీస్తున్నాను. నిన్న తొంభై ఏడుకు పోయి ఆగింది. ఇప్పుడు అరవై మూడు.

"నెమళ్లు తీసెయ్. మామిడి పిందెలు పెట్టు," అని సేటు సాంచాల చప్పుడును మించి అరిచాడు. పెట్టాను. "జర చిన్నగ." చేశాను. "రంగు మార్చు." మార్చాను. "నెమళ్లే మంచిగుండె." మళ్లీ నెమళ్లు. గంటా ఇరవై నిమిషాలు. అరవై నాలుగు దాటలేదు.

సేటు చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "గింత నూగుల గీ డబ్బా ఎట్ల నడుస్తుందమ్మా?"

"దోమతెర కట్టిన సేట్."

ఆయన నవ్వాడు. బాపు వైపు తిరిగి, "కైలాసం, నాలుగు వందలు కాదు, ఆరు వందలు నెయ్యి. అంచులు నీ బిడ్డెనే గియ్యాలె," అన్నాడు.

బాపు సాంచె దగ్గరికి పోయి, తెగని పోగును ఊరికే సవరించాడు.

సేటు పోయాక చట్రం ఊడదీశాను. దోమతెర మీద నూగు రొట్టె మందాన పట్టింది. పక్క రేకు విప్పితే లోపల ఫ్యాన్ రెక్కలు నిన్న తుడిచినట్టే మెరుస్తున్నాయి. మల్లన్న మామ వంగి తొంగి చూశాడు. ఒకసారి గొంతు సవరించుకున్నాడు.

"వందనా, మా పిల్లదాని కంప్యూటర్ గూడ గిట్లనే ఆగుతుంది. జర గదేదో..."

"చేస్త మామా," అన్నాను.

బాపు జేబులో చెయ్యి పెట్టాడు. "ముందుగాల గీ దారం పట్టుకపో బావా."