ఎర్ర బోల్టు మీద కుంకుమ

నేను ఒక ఇనప గొట్టాన్ని. షాక్ అబ్జార్బర్ అంటారు. మీ మోటార్‌సైకిల్ కింద ఉండేవాళ్లు మా చిన్నవాళ్లే. వాళ్లకు గతుకులు, నాకు మందుగుండు. ముందే చెప్పేస్తున్నాను, నేను ఉత్త పిరికిదాన్ని.

నా కడుపులో మెత్తటి లోహపు బిళ్లలు పేర్చి, "ఒక్కసారి నలిగితే దీని జన్మ ధన్యం" అన్నాడు కార్ఖానా మేస్త్రి. వాడి సొమ్మేం పోయింది, నలిగేది నేను! దారిలో కుదుపులకు ముందే నలగకుండా ఒక బోల్టు బిగించి, తలకు ఎర్ర రంగు వేశారు. బావిలోకి దింపే ముందు దాన్ని తీసెయ్యాలి. తీయకపోతే నేను నలగను, ఒట్టి కడ్డీనే.

కాకినాడకు దూరంగా, నడిసముద్రంలో చమురు తోడే రిగ్గు. అడుగున చమురు బావి. చమురు లోపలికి ఊరేలా దాని గోడకు చిల్లులు పొడవడానికి మందుగుండు కూరిన గన్నులు దింపుతారు. అవి పేలగానే అదురు పైకి తంతుంది, బావిలో ఒత్తిడి ఒక్కసారిగా అటూ ఇటూ అవుతుంది. బావిని బిగించి పట్టుకున్న ప్యాకర్ అనే బిరడా ఆ దెబ్బకు జారిందా, పైపులు వంకర్లు తిరిగి గ్యాసు పైకి తన్నుకొస్తుంది. పైన మనుషులున్నారు. ఆ అదురు మింగడానికి గన్నులకీ బిరడాకీ మధ్య నన్ను పెట్టారు. నా ఖర్మ!

రిగ్గు పెద్ద వీరభద్రం గారిది ఓ పట్టుదల. బావిలో దిగే ప్రతి పరికరానికీ ఆయన చేత్తో పసుపు కుంకుమ పడాల్సిందే. ఆ రోజు తుఫాను కబురొచ్చింది. భయం ఎక్కువైతే భక్తీ ఎక్కువవుతుంది కదా, దోసెడు కుంకుమ మెత్తేశారు. ఎర్ర బోల్టు మీద ఎర్ర కుంకుమ! గన్నుల ఇంజనీరు హసీనా, బోల్టు తీశారో లేదోనని వంగి చూసింది. పూజ చేసినదాన్ని తాను తుడిస్తే ఎవరేమనుకుంటారోనని మొహమాటపడి, కనబడినంత మేర చూసి సరేనంది.

తుడవవే తల్లీ! ఎంత మొత్తుకుంటే ఏం లాభం, ఇనుముకి నోరేది?

దింపేశారు. చీకటి. కింద మందుగుండు, నడుమున బోల్టు. అంత భయం నేనెన్నడూ ఎరగను.

పైన జరిగింది తర్వాత మనుషులు పదేపదే చెప్పుకుంటే విన్నాను. తీసిన బోల్టుని, గన్నులు పేల్చే మీట ఉన్న గది గుమ్మం మేకుకి తగిలించడం వాళ్ల రివాజు. పేల్చే ముందు హసీనా అటు చూసింది. మేకు ఖాళీ.

"ఆపండి సార్, బోల్టు లేదు."

"తుఫాను తరుముకొస్తోందమ్మా. ఎవరి జేబులోనో ఉంటుంది," అన్నారు వీరభద్రం గారు.

"ఎవరి జేబులో చూపించండి, పేల్చేస్తాను."

అందరూ జేబులు తడుముకున్నారు. లేదు.

"తప్పు నాదే. కుంకుమ తుడిచి చూడాల్సింది, మొహమాటపడ్డాను. పైకి తీయించండి సార్."

పేలని గన్నుల్ని పైకి తేవడం మరో గండం. వీరభద్రం గారు చెమట తుడుచుకుని, "తీయండ్రా" అన్నారు.

వాటి తరంగాలకే మందుగుండు పేలొచ్చని ఫోన్లూ రేడియోలూ కట్టేశారు. నేను పైకొచ్చాను. ఆయనే చొక్కా అంచుతో కుంకుమ తుడిచారు. బోల్టు కనబడింది. "అమ్మో!" అన్నారంతే.

బోల్టు తీసి మళ్లీ దింపారు. పేల్చారు. అబ్బబ్బా, ఏం చెప్పను! నా కడుపులో బిళ్లలన్నీ అప్పడాల్లా నలిగిపోయాయి. బిరడా మాత్రం ఇసుమంతైనా కదల్లేదు.

తర్వాత నన్ను విప్పి, నలిగిన బిళ్లల్ని హసీనా ఆయన చేతిలో పెట్టింది.

"ఇంత దెబ్బా? బోల్టు తీయకపోతే ఇదంతా ఎక్కడికొచ్చేది?"

"మన దగ్గరికే సార్."



ఇప్పుడు నేను తుక్కు తొట్టెలో, ఒడ్డుకెళ్లే ఓడ కోసం పడున్నాను. ఇవాళ నాలాంటి కొత్తదాన్ని తెచ్చి నిలబెట్టారు. వీరభద్రం గారు కుంకుమ పళ్లెం పట్టుకుని దగ్గరికొచ్చారు. నాకు మళ్లీ వణుకు పుట్టింది.

ఆయన మాత్రం కుంకుమ జోలికి పోలేదు. పళ్లెం ముందుకు చాపి, "హసీనమ్మా, ముందు నువ్వు" అన్నారు.

బోల్టు పళ్లెంలో టంగుమని పడింది. అప్పుడు బొట్టు పెట్టారు.

ఇక నన్ను కరిగించుకోమనండి.