బిగుసుకున్న ఒర

నీళ్లలో వేసిన తోలు ఇంకా బుడగలు వదులుతూనే ఉంది. గున్‌వోర్ తొట్టె మీదికి వంగి చూస్తోంది. చివరి బుడగ పైకొచ్చి పగిలేదాకా తోలును బయటికి తీయకూడదు, అది ఆమె పద్ధతి. నార్వేలోని సేటెస్‌డాల్ లోయలో ఆమె నిదానం గురించి నవ్వుకోని ఇల్లు లేదు. గున్‌వోర్‌ని పెళ్లికి పిలిస్తే బారసాలకు వస్తుందనేవారు. ఆ మాటకు ఆమె కూడా నవ్వేది. తోలుకే లేని తొందర నాకెందుకమ్మా అనేది.

ఆ రోజు మాత్రం ఆమెకు నవ్వు రాలేదు. పొద్దున రొట్టె మీద జున్ను ముక్క పెట్టుకుని కాఫీ తాగుతుండగా ఇంగ్‌లైవ్ వచ్చింది. వాగు అవతల ఉండే కమ్మరి తర్యేకు మేనకోడలు ఆ అమ్మాయి. చలికాలమంతా మంచానపడ్డ మేనమామను ఆమే కనిపెట్టుకుని ఉంటోంది. బూట్లు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, రేపటిదాకా ఉండకపోవచ్చని నర్సు చెప్పి వెళ్లిందంది.

"అస్తమానం ఆ కత్తి గురించే అడుగుతున్నాడు పిన్నీ. దాని చప్పుడు వినాలట. ఏం చప్పుడో నాకైతే తెలీదు."

గున్‌వోర్‌కి తెలుసు. కత్తీ పిడీ తర్యే చేసేవాడు, ఒర గున్‌వోర్ కుట్టేది. సగం జీవితం అలాగే గడిచింది. ఒర పూర్తయ్యాక వాగు దాటి తీసుకెళ్తే, అతను కొలిమి దగ్గర నుంచి లేచి, చేతులు తుడుచుకుని, కత్తిని ఒకసారి బయటికి లాగి మళ్లీ లోపలికి నెట్టేవాడు. తోలు కుదురుగా పడితే, పిడి మధ్యలోని ఉబ్బు ఒర మూతి దాటేటప్పుడు టక్కుమని చిన్న చప్పుడవుతుంది. తలుపు గడియ పడ్డట్టు ఉంటుంది. అతను తల పక్కకు వంచి వినేవాడు. "కుదిరింది" అనేవాడు. అంతే. ఆ ఒక్క మాట కోసం ఆమె మంచులో, బురదలో, జ్వరంలో కూడా వాగు దాటింది.

అతని భార్య చనిపోయిన ఏడాది, ఆ మాట తర్వాత ఇంకో మాటేదైనా అంటాడేమోనని గున్‌వోర్ ఎదురుచూసింది. అతను అనలేదు. తనే అనొచ్చు కదా అంటారా? ఆమె సంగతి చెప్పానుగా, తొందర లేని మనిషి.

బుడగలు ఆగిపోయాయి. తోలు తీసి, గుడ్డతో అద్ది, బల్ల మీద పరిచింది. బయట కప్పు మీది మంచు కరిగి చుక్కలు చుక్కలుగా రాలుతోంది. పక్కన నూనె కాగితంలో చుట్టిన కత్తి ఉంది. మంచం ఎక్కేముందు తర్యే చేసిన ఆఖరి కత్తి అది. బర్చ్ చెట్టు కణుపును చెక్కి పిడి చేశాడు. పిడి కొసన తోడేలు తల, చెవులు వెనక్కి వాల్చి, పళ్లు బయటపెట్టి ఉంది. పాత కథల్లో దేవతలు గొలుసులు వేస్తే పుటుక్కున తెంపేసిన తోడేలు అది. చివరికి దాన్ని కట్టింది ఒక మెత్తటి పట్టు పట్టీ. పిల్లి నడక చప్పుడు, ఆడదాని గడ్డం, కొండ వేళ్లు, చేప ఊపిరి, ఇలా లోకంలో లేనివన్నీ కలిపి మరుగుజ్జులు నేశారట దాన్ని.

"తోడేలు నాది, పట్టీ నీది" అన్నాడు తర్యే కత్తి చేతికిస్తూ.

తడి తోలును పిడి చుట్టూ తోడేలు మెడ దాకా లాగి, వెనక వైపు ఆరెతో బెజ్జాలు పొడిచి, మైనం పూసిన దారంతో కుట్టుకుంటూ వచ్చింది. మిగిలిన తోలు కత్తిరించి, ముక్కలను కిటికీలోంచి బయటికి విసిరింది. చిన్నప్పుడు అమ్మ నేర్పిన అలవాటు. లోకం ముగిసే రోజున తోడేలు కట్లు తెంపుకుంటుంది. అప్పుడు విదార్ అనే దేవుడు దాని కింది దవడ మీద కాలు మోపి నోరు చీల్చాలి. ఆ కాలికి చెప్పు, తోలు పనివాళ్లు పారేసిన ముక్కలతోనే తయారవుతోంది. పారేయని వాళ్లు దేవుణ్ణి ఉత్త కాలితో పంపిన పాపం మూటగట్టుకుంటారు. ఆ ముక్కలు నక్కలు ఎత్తుకుపోతాయని ఊరంతా ఎగతాళి చేసింది. తర్యే మాత్రం చెప్పు ఎంతదాకా వచ్చిందని అడిగేవాడు. మడమ దగ్గరున్నాం అనేది ఆమె. ఎప్పుడడిగినా మడమ దగ్గరే.

ఎముక పుల్లతో తోలు మీద పట్టీ గీత నొక్కడం మొదలుపెట్టింది. గీత ఒర అడుగున మొదలై, తిరిగి తిరిగి, తోడేలు మెడ చుట్టూ మూడు మెలికలు పడింది. పిల్లి కిటికీ మీంచి కిందికి దూకింది. చప్పుడు కాలేదు. ఆ చప్పుడు ఈ పట్టీలోకి వచ్చేసిందనుకుంది గున్‌వోర్. అనని మాటలు కూడా లోకంలో లేనివే కదా, వాటిని కూడా మరుగుజ్జులు పట్టుకుపోయి ఉంటారు. పట్టీ అంత మెత్తగా ఉన్నా తెగదెందుకో ఆమెకు ఇప్పుడు అర్థమైనట్టే ఉంది.

పని అయిపోయింది. ఇక ఒర ఒక రాత్రంతా చల్లటి చోట ఆరాలి. సగం ఆరాక కత్తిని ఒకసారి లాగి పెట్టాలి, లేకపోతే తోలు ఉబ్బును పట్టేస్తుంది. ఒక రాత్రి. గున్‌వోర్ వాగు అవతలి ఇంటి వైపు చూసింది. పొగ గొట్టం నుంచి సన్నగా పొగ వస్తోంది.

పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ చేయని పని చేసింది. ఒరను పొయ్యి పక్కన పెట్టింది.

కాసేపు కాపలా కూర్చుంది. పొయ్యి వెచ్చదనానికి ఎప్పుడు కన్ను మూతపడిందో తెలియదు. కలలో కొలిమి మండుతోంది. తర్యే జుట్టు నల్లగా ఉంది. తోడేలు అతని కాళ్ల దగ్గర ముడుచుకుని పడుకుంది. అతను ఏదో అంటున్నాడు గాని సమ్మెట దెబ్బల్లో వినబడటం లేదు. గట్టిగా చెప్పు అందామనుకునేసరికి మెలకువ వచ్చింది.

ఒర నల్లబడి, కొమ్ములా గట్టిపడింది. పిడి పట్టుకుని లాగింది. రాలేదు. మోకాళ్ల మధ్య బిగించి లాగింది. తోలు పిడిని కరుచుకుపోయింది. మళ్లీ నానబెడితే వదులవుతుంది, కానీ మళ్లీ ఒక రాత్రి కావాలి. ఆమెకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్ల పనిలో ఒక్క ఒర చెడలేదు, చెడిందల్లా ఇదే. ముఖం కడుక్కుని, ఒరను శాలువా కింద పెట్టుకుని వాగు దాటింది.

తర్యే దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. ఒర చేతికి అందగానే వేళ్లతో పట్టీ గీతను తడుముతూ మెడ దాకా వెళ్లాడు. ముఖం వెలిగింది. పిడి పట్టుకుని లాగాడు. ఇంకోసారి లాగాడు. చెయ్యి దుప్పటి మీద పడిపోయింది. తన చేతి వైపు చూసుకున్నాడు. కత్తి తీయడానికి కూడా పనికిరాని చెయ్యి అన్నట్టు చూసుకున్నాడు.

ఊరుకుంటే ఆమె పరువు నిలబడేది. అతనికి ఎప్పటికీ తెలిసేది కాదు.

"నీ చెయ్యి కాదు. తోలు బిగుసుకుంది. పొయ్యి దగ్గర పెట్టాను" అంది గున్‌వోర్.

అతను ఆమె వైపు తల తిప్పాడు.

"నువ్వా? తొందరపడ్డావా?"

"పడ్డాను."

"దేనికి?"

"నువ్వుండగా నీ చేతిలో పెట్టాలని. ఆ మాట ఇంకొక్కసారి వినాలని."

అతను నవ్వాడు. నవ్వుతుంటే కళ్లలోంచి నీళ్లు కారాయి. "ఇన్నాళ్లకా గున్‌వోర్" అన్నాడు. మైనం, రంగు పట్టి నల్లబడ్డ ఆమె బొటనవేలు తన చేతిలోకి తీసుకున్నాడు. ఆమె వదిలించుకోలేదు.

"చెప్పు ఎంతదాకా వచ్చింది?"

"మడమ దగ్గరున్నాం."

"మెల్లగానే కానివ్వు" అన్నాడు. తర్వాత ఒరను గుండెల మీదికి లాక్కుని, తల పక్కకు వంచాడు, చప్పుడు వినేవాడిలా. "కుదిరింది."

ఆ తర్వాత మాట్లాడలేదు. ఇంగ్‌లైవ్ దీపం పెట్టడానికి వచ్చేసరికి పొద్దు వాలింది. తర్యే ఊపిరి ఎప్పుడో ఆగిపోయింది. చెయ్యి పట్టుకుని కూర్చున్న గున్‌వోర్‌కే తెలియలేదు, అంత మెల్లగా వెళ్లిపోయాడు.

అంత్యక్రియలయ్యాక కత్తి నీదగ్గరే ఉండనీ పిన్నీ, గోరువెచ్చటి నీళ్లలో నానేస్తే బయటికొస్తుందేమో అంది ఇంగ్‌లైవ్. తెలుసమ్మా అంది గున్‌వోర్. ఇంటికొచ్చి బల్ల ఊడ్చి, తోలు ముక్కలు దోసిలితో ఎత్తి కిటికీలోంచి విసిరింది. కిటికీ పక్క మేకుకు ఆ ఒర నానబెట్టకుండా అలాగే వేలాడుతోంది; తోలు మూతిలోంచి తల ఒక్కటే బయటపెట్టి, మెడ చుట్టూ మెత్తటి పట్టీతో, తోడేలు వాగు వైపు చూస్తోంది.