చెన్నమ్మ గుంటకు పన్ను

ఎమ్మిగనూరు నేత వీధిలో అందరికంటే పెద్దవాడు ఓబన్న కాదు గానీ, అందరికంటే ముందు పళ్ళన్నీ రాలినవాడు మాత్రం అతడే. నోట్లో ఆఖరి పన్ను ఊడిన ఏడాదే ఇంటికి పన్ను మొలిచింది. అంతకు ముందు లేదని కాదు. పాలపన్నులాంటిది ఒకటి ఉండేది, ఉన్నట్టే తెలిసేది కాదు. ఇప్పుడు దిగబోయేది దవడపన్నని వీధిలో చెప్పుకున్నారు. కర్నూలు రాజధాని అయిన కొత్త. "రాజధాని దగ్గరికొచ్చె గదప్పా అని సంబరపడితిమి, దానెనకాలే పన్నూ వచ్చె" అని అరుగుల మీద కూర్చుని నవ్వుకున్నారు. నేసేవాళ్ళూ నేతలే, ఏలేవాళ్ళూ నేతలే. ఈ నేతలు గుడ్డ నేస్తే ఆ నేతలు దాన్ని కత్తిరిస్తారు, అంతే తేడా.

ఆ కబురు మోసుకొచ్చినవాడు చోటే సాబ్. నూలుకు రంగులద్దే మనిషి. రంగుపొడి కోసం ఆదోని పోయినప్పుడల్లా పొట్లంతో పాటు ఒక వార్త కూడా తెచ్చేవాడు. చేతికందిన దేన్నీ రంగు వేయకుండా వదిలే అలవాటు ఆయనకు లేదు.

"ఓబన్నా, ఆదోనిలో ఇండ్లు కొలుస్తాండారు. తలుపు, కిటికీ, అరుగు, ఏదీ ఇడిసిపెట్టడంల్యా. రేపో మాపో మన ఊరికీ వస్తారంట. మగ్గం గుంట ఉంటే అది ఇల్లే కాదంట, దుకాణమంట! ఒగ గుంటకు ఒగ దుకాణం పన్ను."

"రెండు గుంటలుంటే?"

"అరె, నువ్వు బజారే పెట్టినట్టు భాయ్!"

ఓబన్నకు నవ్వు రాలేదు. ఆ వీధిలో రెండు గుంటలున్న ఇల్లు ఓబన్నదే. ఒకటి అతనిది. రెండోది అతని భార్య చెన్నమ్మది.

ఆడవాళ్ళు పేక నూలు, అంటే అడ్డపోగు, కండెలకు చుట్టాలి, మగవాళ్ళు గుంటలో కాళ్ళు పెట్టి నేయాలి, అదీ ఆ వీధి కట్టు. చెన్నమ్మ కాపురానికొచ్చిన కొత్తలో, "నేను పేక సుట్టేదానికి రాల్యా, పేక ఏసేదానికి వచ్చినా" అంది. ఊళ్ళో మగవాళ్ళు పేకాడుతుంటే నోరెత్తని అత్తగారు, కోడలు పేక వేస్తానంటే మాత్రం ఇల్లెగిరిపోయేలా అరిచింది. ఆవిడ మంత్రాలయం యాత్రకు పోయిన సందు చూసి ఓబన్న రెండో గుంట తవ్వేశాడు.

గుంట తవ్వడానికి ఆ వీధిలో ఒక పద్ధతుంది. లోతు కొలిచేది టేపుతో కాదు, జానతో. మొగుడి కాలు పెళ్ళాం తన జానతో కొలిచి చెప్పాలి, అంత లోతే తవ్వాలి. చెన్నమ్మ గుంటకు ఓబన్న జాన కొలత అయింది. మడమ నుంచి మోకాలి దాకా కొలుస్తుంటే కొత్త పెళ్ళికూతురు చక్కిలిగింతలు తట్టుకోలేక రెండుసార్లు లెక్క తప్పించిందట. అలా తవ్విన గుంట చెప్పులాంటిది, ఒకరిది ఇంకొకరికి పట్టదు.

ఇప్పుడు చెన్నమ్మ కళ్ళకు పొర కమ్మింది. బళ్ళారి డాక్టరు చూసి, ముదరనిమ్మన్నాడు. "పొర ముదరాలంట, ముదిరినంక కోస్తాడంట. నా కండ్లు ఆయనకు బెండకాయల మాదిరి అగుపడినాయేమో, కాకపోతే బెండకాయ లేతగా కోస్తారు, ఇది ముదిరినంక!" అని ఆమే నవ్వేది. ఆమె మగ్గం మీద సగం నేసిన వంగపండు రంగు చీర అలాగే నిలిచిపోయింది. ఆ నూలుకు రంగు అద్దింది చోటే సాబే. రోజూ పొద్దున్నే చెన్నమ్మ గోడ పట్టుకుని వచ్చి గుంటలో కాళ్ళు పెట్టేది. చీర మీద అరచేతులు ఆనించేది. పేక పోగును అటూ ఇటూ నడిపే నాడె మాత్రం ముట్టేది కాదు. కాసేపు కూర్చుని లేచేది.

"ఎందుకే ఊరికే?" అని ఒకసారి ఓబన్న అడిగాడు.

"గుంట నన్ను మర్సిపోకుండా" అంది.

కొలత వస్తుందనగానే వీధికంతా కలత వచ్చింది. ఎదురింటి తిక్కయ్య గుంట మీద చెక్కలు పరిచి పైన శెనక్కాయలు ఆరబోశాడు. ఆయన బర్రె పగ్గం తెంపుకొని ఆ శెనక్కాయల కోసం లోపలికి దూరి, చెక్కలు విరిగి ముందు కాళ్ళతో గుంటలో దిగబడింది. "ఇంగ ఆ మగ్గం బర్రే నేస్తాది, పాలూ గుడ్డా ఒగే తావున" అని వీధంతా నవ్వింది.

ఓబన్నతో మాత్రం అందరూ ఒకటే మాట అన్నారు. "రెండు దుకాణాల పన్ను నీతో యాడయితాది? ఎట్లాగూ ఆ యమ్మ నేయల్యాదు. ఆ గుంట పూడ్సేయి."

చెన్నమ్మ పక్కింటికి పోయిన సమయంలో ఓబన్న మన్నుగంప ఎత్తుకొని ఆమె గుంట అంచుకు వచ్చి నిలబడ్డాడు. అడుగున, తొక్కుడు చెక్కల కింద, ఆమె మడమలు దిగబడి అరిగిన రెండు చిన్న పల్లాలు నున్నగా మెరుస్తున్నాయి. ఆమె రేపు పొద్దున వచ్చి కాళ్ళు పెడితే ఏమి తగులుతుంది? కళ్ళు పోయాయని డాక్టరు కూడా అనలేదే, ఆ మాట తను మన్నుతో చెప్పాలా?

గంప అలాగే పట్టుకొని పక్కకు నడిచి, తన గుంటలో మన్ను పోసుకున్నాడు. పోస్తూ పోస్తూ తన మగ్గాన్ని మన్నించమన్నాడు. ఇక ఎవరింట్లోనో కూలి మగ్గం మీద కూర్చోవాలి. సొంత గుంటలో ముసలివాడైన నేతగాడికి అది అద్దె చెప్పులు తొడుక్కున్నట్టే.

సాయంత్రం చెన్నమ్మ గడప దాటుతూనే ఆగింది. "వాన పడినాదా?"

"ల్యాదే."

"పచ్చి మన్ను వాసనొస్తాంది."

"ఇల్లలికినాలే."

"నువ్వా! పెండ్లయినప్పట్నుంచీ సీపురు మొగం సూడనోడివి!" అంది. "నీ మగ్గం సప్పుడే ల్యాదు?"

"కర్ర సీలింది. వడ్లాయనకిచ్చినా."

చెన్నమ్మ ఇంకేమీ అడగలేదు. అడగని చెన్నమ్మను చూస్తే ఓబన్నకు భయం.

పన్ను రాసే గుమాస్తా దేవదాసు గొడుగూ టేపూ పట్టుకొని వచ్చినప్పుడు వీధిలో సగం గుంటలు పూడిపోయి ఉన్నాయి. ఆయన ఎండకు ఎర్రబడ్డ ముఖంతో ఓబన్న ఇంట్లోకి వంగి చూశాడు. వెనకాల చోటే సాబ్, వేడుక చూడ్డానికి.

"ఇదేమిటి పెద్దాయనా, ఇక్కడ కొత్త మన్ను?"

"నా గుంట సారూ. పూడ్సినా."

"నడిచే మగ్గమేనా?"

"నిన్నమొన్నటిదాకా నడిసింది."

"మరి ఇది?"

"నా పెండ్లాముది. ఆ యమ్మకు సూపు మందగించింది. కొన్నాళ్ళుగా..." ఓబన్న ఆపేశాడు. చెన్నమ్మ స్తంభాన్ని ఆనుకొని కూర్చుని ఉంది.

దేవదాసు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "అయ్యో పెద్దాయనా! పన్ను నడిచే మగ్గానికే గానీ మూలబడిన మగ్గానికి లేదు. గుంటలకు లెక్క కడతామని మీకెవరు చెప్పారు? దీన్ని పూడ్చే పనే లేదు, ఊరికే వదిలేస్తే సరిపోయేది. మీరు నడిచేదాన్ని పూడ్చి నిలిచినదాన్ని ఉంచుకున్నారే!"

చోటే సాబ్ వాకిలి వైపు రెండడుగులు వెనక్కి వేశాడు. ఆయన ముఖానికి ఆ రోజు ఏ పొడీ లేకుండానే రంగు మారింది.

"పోనీ, మీకు మంచిదే అయింది" అన్నాడు దేవదాసు పెన్సిల్ తీస్తూ. "ఒకటి పూడింది, ఒకటి మూలబడింది. అలాగే రాసుకుంటాను. పన్ను పెంచేదేమీ లేదు."

"రాయొద్దు" అంది చెన్నమ్మ.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"మూలబడిందని ఎవరన్నారప్పా? నా మగ్గం మూలబడల్యా."

"అది కాదమ్మా, పన్ను తప్పుతుందనే..."

"నోట్లో పన్ను ల్యాదు, ఇంటికన్నా ఉండనీ!" అంటూ ఆమె గోడ పట్టుకొని వచ్చి గుంటలో కాళ్ళు పెట్టింది. మడమలు వాటి పల్లాల్లో అవే పోయి కూర్చున్నాయి. చెక్క తొక్కింది. పడుగు పోగులు రెండు వరసలుగా విడిపోయాయి. వేలితో అంచు తడుముకొని నాడె విసిరింది. అవతలి చెయ్యి దాన్ని అందుకోవడానికి కొంచెం ఆలస్యమైంది గానీ, అందుకుంది. పలకతో కొట్టి పోగును బిగించింది. మళ్ళీ విసిరింది. ఒక పోగు వదులుగా పైకి లేచి వంకర పోయింది. అది ముగ్గురూ చూశారు.

"నడస్తాందా ల్యాదా?" అంది చెన్నమ్మ, తల తిప్పకుండా.

దేవదాసు పెన్సిల్ పట్టుకొని ఓబన్న వైపు చూశాడు. "పెద్దాయనా, మీరు చెప్పండి. ఇల్లు మీది. నడుస్తోందంటే పన్ను పడుతుంది, ఏటేటా కట్టాలి. బాగా ఆలోచించుకోండి."

ఓబన్నకు కూలి మగ్గం గుర్తుకొచ్చింది. ఏటేటా అన్న మాట కూడా చెవిలో గుచ్చుకుంది. అతడు ఆ వంకర పోగునే చూస్తూ ఉన్నాడు. ఇన్నాళ్ళకు ఆ చీర కాస్తయినా ముందుకు జరిగింది.

"నడస్తాంది సారూ" అన్నాడు. "రాసుకో."

గుమాస్తా రాసుకొని గొడుగు విప్పాడు. గడప దగ్గర ఆగి, "ఆ పూడ్చిన గుంట సంగతి? మళ్ళీ తవ్వేది ఉంటే..." అన్నాడు.

"తవ్వుతాడు" అంది చెన్నమ్మ. "అదీ రాసుకో."

"ఈ రోజు కళ్ళకు కనబడిందే రాస్తానమ్మా" అన్నాడు దేవదాసు నవ్వి. "నాకు కనబడేది మన్నే. తవ్వింది వచ్చే ఏటి మాట."

ఆయన పోయాక చోటే సాబ్ వాకిట్లోనే నిలబడి గొంతు సవరించుకున్నాడు. "ఓబన్నా... గలతీ నాదే. పార యాడుంది? నేనూ ఒగ చెయ్యేస్తా."

"నువ్వు మన్నుకు గూడ రంగేస్తావు, పోయి గంప తే!" అంది చెన్నమ్మ లోపలి నుంచి.

ఇద్దరూ కలిసి మన్ను ఎత్తిపోశారు. పాత గుంట అంచులు విరిగిపోయాయి. ఎంత లోతు పోవాలో తెలియక ఓబన్న పార ఆపి, చెమట తుడుచుకుంటూ భార్యను పిలిచాడు. ఆమె తడుముకుంటూ వచ్చి గట్టు మీద కూర్చుంది. "కాలు సాపు" అంది.

ఓబన్న మన్ను కొట్టుకున్న కాలు ఆమె ఒడి దగ్గరగా చాపాడు. చోటే సాబ్ గంప అందుకొని, పనేమీ లేకపోయినా వాకిట్లోకి పోయాడు. చెన్నమ్మ మడమ దగ్గర బొటనవేలు ఆనించి, జాన వేసింది. ఇంకో జాన వేసింది. మోకాలి దగ్గర ఆగి మళ్ళీ మొదటి నుంచి కొలిచింది.

"ఏమ్మే, లెక్క తప్పినావా?"

"ల్యాదు. తగ్గినాది" అంది. "నీ కాలు కురచ అయినాదా, నా జాన సాగినాదా?"

"కాలం మీద పడినంక కాలు తగ్గదా మరి!"

"అయితే తవ్వేదీ తగ్గుతాది. మంచిదే" అంది చెన్నమ్మ. కొలత అయిపోయినా ఆమె చెయ్యి మోకాలి మీదే ఉండిపోయింది. ఓబన్న కాలు తీసుకోలేదు.