ఇరవై మూడు వరసల టేబుల్

“అమ్మా, చిక్కుడుకాయలు తర్వాత వలుద్దువుగానీ, ఒకసారి వచ్చి ఈ బటన్ నొక్కవే” అంది మా సింధూరి.

నేనా? తొమ్మిదితో చదువు ఆపేసినదాన్ని. మిక్సీ వేసేముందే దేవుణ్ణి తలుచుకుంటాను. అది లాప్‌టాప్, పైగా కంపెనీది.

దాని కంపెనీవాళ్ళు ఓ చిన్న సాఫ్ట్‌వేర్ చేశారట. ఏదైనా రాసుకున్న కాగితంలో గడులు గీసిన టేబుల్ ఉంటే, అచ్చం అలాంటిదే ఇంకోటి దాని కింద తయారుచేసి పెడుతుంది. దాన్ని ఎలా వాడాలో వివరంగా రాయడం మా పిల్ల పని. గుణదలలో మా ఇంట్లోనే కూర్చుని రెండుసార్లు రాసింది. హైదరాబాదులో ఉన్న మేనేజరు చక్రి గారు రెండుసార్లూ తిప్పికొట్టారు. ఏమీ తెలియనివాళ్ళకి కూడా అర్థం కావాలట. సాయంత్రం ఆరులోగా సరిగ్గా రాయకపోతే ఉద్యోగం ఖాయం చేయరట. అది ‘ఖాయం’ అనేలోపే నేను దాని ఉద్యోగం పోవడం, అది దిగులుతో మంచం పట్టడం, నేను ఫ్లాస్కు పట్టుకుని ఆస్పత్రి వరండాలో నిలబడడం అన్నీ చూసేశాను.

“ఏమీ తెలియనివాళ్ళు కావాలంటే మీ అమ్మని మించి ఎవరు దొరుకుతారే!” అన్నారు మా ఆయన తిరుపతిరావు గారు, పేపరు దించకుండానే.

ఉదాహరణకి ఒక టేబుల్ కావాలంది పిల్ల. “నీ రోజు చెప్పమ్మా, అదే కొడతాను.” టైము, పని, చేసేవారు అని మూడు గడులు గీసింది. నాలుగుమ్ముప్పావుకి మోటారు దగ్గర మొదలుపెట్టాను. అత్తయ్యకి వేణ్ణీళ్ళు. ఈయనకి చక్కెర లేని కాఫీ. పిల్ల చూడకుండా ఈయనకే చక్కెర వేసిన కాఫీ. అలా చెప్పుకుంటూ పోతే ఇరవై మూడు వరసలయ్యాయి. మూడో గడిలో పైనుంచి కిందదాకా ‘అమ్మ, అమ్మ, అమ్మ’. “ఇంటిపట్టున ఉండేదానికి అలుపేంటమ్మా” అని మా అత్తగారు బుల్లెమ్మ గారు పాతికేళ్ళుగా అంటుంటే నిజమేనేమో అనుకునేదాన్ని. తెరమీద చూస్తే భయమేసింది. ఎవరో పాపం, ఎక్కువ కాలం బతకదు అనిపించింది.

“ఇప్పుడు నొక్కు.”

“నొక్కితే మొదటిది చెరిగిపోతుందా?”

“పోదమ్మా.”

“అయితే ఆ ముక్క రాయి. రెండుసార్లు నొక్కితే?”

“రెండొస్తాయి.”

“ఎక్కువొచ్చింది ఎలా తీసేయాలో కూడా రాయి. కంగారు మనుషులు రెండుసార్లే నొక్కుతారు. కింద రాసుకున్నదేమన్నా ఉంటే దానిమీద పడిపోతుందా? రెండోదాంట్లో దిద్దితే మొదటిదాంట్లోనూ మారిపోతుందా?”

పిల్ల చేతులు ఆగిపోయాయి. “అది నేనూ ఆలోచించలేదే!” అని పరీక్షించి చూసి, మారదని రాసుకుంది. మధ్యాహ్నానికి నా భయాలు పదకొండు, దాని సూచనలు పదకొండు. ఈ ఇంట్లో నేను భయపడితే “అపశకునం మాటలు ఆపు” అన్నవాళ్ళే గానీ, కాగితం మీద పెట్టినవాళ్ళు లేరు.

చివరికి కళ్ళు మూసుకుని నొక్కాను. కింద ఇంకో ఇరవై మూడు వరసలు వచ్చి కూర్చున్నాయి. చూస్తేనే నడుం పట్టేసింది.

నాలుగింటికి పంపింది. ఐదింటికి చక్రి గారి జవాబు: ‘వివరణ చాలా బాగుంది. ఉదాహరణే నమ్మేలా లేదు. ఒకే మనిషి రోజుకి ఇన్ని పనులు చేయడం అసాధ్యం. సరిచేసి పంపండి.’

పిల్ల నావంక చూడలేకపోయింది. “పదహారు వరసలు తీసేస్తానమ్మా. ఏడుంటే చాల్లే.”

ఏ పదహారు? మోటారు వరస తీసేస్తే ట్యాంకు నిండుతుందా?

“వరసలు ముట్టుకోకు” అన్నాను. నా గొంతేనా అనిపించింది. “పనులున్నాయిగా, అవెక్కడికి పోతాయి? చేసేవాళ్ళని మార్చు.”

మోటారు దగ్గర ‘నాన్న’ అని కొట్టింది. ఆకుకూర బాగుచేసే వరసలో, టీవీ ముందు కూర్చునే ‘నానమ్మ’. అంట్ల దగ్గరికొచ్చి, నేను చెప్పకుండానే తన పేరు కొట్టుకుంది. అలా పదహారు వరసలు ముగ్గురికీ పంచేసరికి నాకు ఏడు మిగిలాయి. దీపం పెట్టడం నాకే ఉంచమన్నాను. ఈయనకిస్తే కర్టెన్లు అంటిస్తారు.

ఆరింటికి ఐదు నిమిషాలుందనగా జవాబొచ్చింది: ‘ఇప్పుడు సహజంగా ఉంది. మీ ఉద్యోగం ఖాయం.’

పిల్ల నన్ను కావలించుకుంది. ఆ సందట్లోనే నేను బటన్ ఇంకోసారి నొక్కాను, ఒక్కసారే. వచ్చిన టేబుల్‌ని ప్రింటు తీయించి వంటింటి తలుపుకి అంటించాను.

మా ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివారు. “ఏంటే ఇది? నాలుగుమ్ముప్పావుకి మోటారు నేను వెయ్యాలా? ఏదో ఉదాహరణకి రాసిందేగా?”

“హైదరాబాదు ఆఫీసువాళ్ళు చూసి ఓకే చేసేశారండీ” అన్నాను, గొంతులోకి భయమంతా తెచ్చుకుని. “ఇప్పుడు మారిస్తే పిల్ల ఉద్యోగం పోతుంది.”