మూడో ప్రకటన

సుందరరావు మైకు సెట్టులో రెండు వందల పద్నాలుగు గ్రామఫోన్ ప్లేట్లు ఉండేవి. రెండు వందల పదమూడూ పెళ్ళిళ్ళకీ, సమర్తలకీ, క్రిస్మస్‌కీ మోగేవి. మిగిలిన ఒక్కటి పగిలిపోయిందని తొమ్మిదేళ్ళుగా అబద్ధం చెబుతున్నాడు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆ మాట నమ్మేవారు. సొంత పేటవాళ్ళు నమ్మేవారు కాదు, కానీ నమ్మినట్టు తలూపేవారు. ఊరంతా కలిసి ఒక మనిషి మీద జాలి చూపించడం మొదలెడితే ఆ మనిషికి ఊపిరాడదన్న సంగతి పాపం వాళ్ళకి తట్టలేదు.

ఆ ప్లేటు మీద పాట మోషేది. రాజోలుకి మూడు మైళ్ళ దూరంలో, వశిష్ఠ గోదారి గట్టు కింద ఉన్న ఈ పేటలోనే పుట్టేడు మోషే. రేవులో పడవ వేసేవాడు. గెడ చేతపట్టుకుని గొంతెత్తాడంటే, అవతలి ఒడ్డున బస్సు ఎక్కాల్సినవాళ్ళు కూడా బస్సు వదిలేసుకుని రెండో విడత అతని పడవలోనే తిరిగేవారట. అతిశయోక్తి అనుకోకండి. ఆ గొంతు విన్నవాళ్ళు ఇంకా ఉన్నారు, అడిగి చూడండి.

ఆ మోషేకీ సుందరరావు అక్క నాగమణికీ డెబ్భై నాలుగులో పెళ్ళి కుదిరింది. పేట గుడిలో ఏ పెళ్ళికైనా ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదవాలి. "ఫలానావానికిని ఫలానా కన్యకకును వివాహము నిశ్చయమైనది. అభ్యంతరము గలవారు ఇప్పుడే తెలుపవలెను" అని పాస్టరు అయ్యగారు పుస్తకం చూసి చదువుతారు. మూడోసారి మాత్రం చివర్న "ఇది మూడవది, కడపటిది" అంటారు. ఆ మాట పడ్డాకే పెళ్ళి.

వాళ్ళకి రెండు ప్రకటనలు అయ్యేయి. రెండోది అయిన మర్నాడు మోషే మద్రాసు రైలెక్కేడు. ఎవరో ప్లేట్ల కంపెనీవాళ్ళు పిలిచేరనీ, శనివారానికల్లా వచ్చేస్తాననీ చెప్పి వెళ్ళేడు. ఆదివారం అయ్యగారు పుస్తకం తెరిచి, మగవాళ్ళ వైపు ముందు వరస చూసి, మళ్ళీ మూసేసేరు. ఆడవాళ్ళ వైపు నాగమణి నిలబడే ఉంది. తర్వాత ఇప్పట్లో రాలేనని ఒక కార్డు ముక్క వచ్చింది. ఆ తర్వాత అతనికి అక్కడే పెళ్ళైపోయిందన్న కబురు వచ్చింది. ఆ తర్వాత పాట వచ్చింది.

పాట గురించి దాచేదేముంది, బ్రహ్మాండమైన పాట.

*ఒడ్డున నిలుచున్న ఓ నల్ల పిల్లా*
*గెడ కంటె నిటారు నీ మెడే పిల్లా*
*గోదారి వంగింది, కొబ్బరీ వంగింది*
*వంగనిది నీ తలే వాడలో పిల్లా*

రేవు మెట్ల మీద పుస్తకాల సంచీతో నిలుచున్న నాగమణిని చూసి అతను పడవలో కట్టిన పాట అది. పేటలో ప్రతివాళ్ళకీ తెలుసు. అందుకే నాగమణి అటు వస్తోందంటే కూనిరాగం తీస్తున్న ఆడవాళ్ళు టక్కున ఆపేసేవారు. కొబ్బరి పీచు కొడుతున్నవాళ్ళు వానల గురించి మాట్లాడేవారు, ఎండాకాలంలో కూడా.

సుందరరావు అమలాపురం వెళ్ళి ఆ ప్లేటు కొన్నది వినడానికి కాదు, గట్టు మీద రాయికేసి బద్దలు కొట్టడానికి. ఇంటికి తెచ్చేడు. పగలగొట్టేముందు వెధవ ఏం పాడేడో ఒకసారి విందామనుకున్నాడు. అక్క వింటుందేమోనని యాంప్లిఫయర్ కట్టేసి, ప్లేటు మాత్రం తిప్పి, ముల్లు పెట్టేడు. యాంప్లిఫయర్ కట్టేసి ఉన్నా ముల్లు దగ్గర చెవి ఆనిస్తే దోమ పాడినంత సన్నగా పాట వినబడుతుంది. మైకు పని తెలిసినవాళ్ళకి తెలుసు ఆ కిటుకు. విన్నాడు. మళ్ళీ విన్నాడు. రాయి గట్టు మీదే ఉంది, ప్లేటు పెట్టె అడుగున ఉండిపోయింది.

అప్పట్నుంచీ మధ్యాహ్నాలు అక్క బడికి వెళ్ళేక తలుపు దగ్గరగా వేసుకుని వినడం అలవాటైపోయింది. నాలుగో పాదం దగ్గర మోషే గొంతు ఒక మెట్టు పైకెక్కి, అక్కడే ఒక్క క్షణం ఆగి, దిగడం ఇష్టం లేనట్టు దిగుతుంది. అక్కడికి రాగానే సుందరరావు కళ్ళు మూసుకుని "ఆహా" అనేవాడు. కళ్ళు తెరవగానే "నీ జిమ్మడ" అనేవాడు. తను రెండు రకాల మనిషినా అని అతనికి తన మీదే అసహ్యం వేసేది. అక్క ఉసురు పోసుకున్నవాడి గొంతు తన చెవికి అమృతంలా ఉండటం ఏమిటి? తమ్ముడన్నవాడు చెయ్యాల్సిన పనేనా ఇది?

నాగమణి మాత్రం ఒక్కరోజు తలొంచుకుని నడవలేదు. ట్రైనింగు పూర్తి చేసింది, టీచరయింది, ఇప్పుడు పేట బడికి హెడ్మాస్టరమ్మ. రెండు మంచి సంబంధాలు వస్తే నచ్చలేదని తనే వద్దంది. వాళ్ళమ్మ అమ్మాజీ "మనసు విరిగిపోయింది దీనికి" అని చెంగుతో కళ్ళు ఒత్తుకునేది. "విరగలేదమ్మా, ఆ పెద్దమనిషి ముక్కు నచ్చలేదు" అనేది నాగమణి. ఎవరూ నమ్మేవారు కాదు.

ఎనభై నాలుగు ఫిబ్రవరిలో గుడికి యాభై ఏళ్ళు నిండేయి. సంఘపెద్ద ఏసుపాదం గారు సుందరరావు ఇంటికొచ్చి, బల్ల చివర కూర్చుని, చేతిరుమాలుతో మొహం రెండుసార్లు తుడుచుకున్నారు.

"పండగకి మోషే వస్తానన్నాడ్రా అబ్బాయ్. కీర్తనలు పాడతాడు. ఆఖర్న ఆ పాట కూడా పాడాలని జనం గోల. మైకు నువ్వే కట్టాలి."

"ఆయ్, పండగకి కడతానండి. వాడి నోటికి మాత్రం నా మైకు పెట్టనండి."

"పోనీలే. అమలాపురం నుంచి ఇంకో సెట్టు తెప్పిస్తాం."

సొంత గుడి యాభై ఏళ్ళ పండగకి పరాయి ఊరి మైకు బాకాలు! బేతేలు సౌండ్స్ అని ఎర్రక్షరాలతో పెట్టె మీద రాయించుకున్నవాడు బతికుండగా జరిగే పనేనా? సుందరరావు ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూనే మనసులో ఇంకోటి అనుకున్నాడు. మోషే ఆ పాట అందుకోగానే యాంప్లిఫయర్ వెనక వైరు ఒకటి వదులు చేస్తే చాలు. రెండువేలమంది ముందు వాడు నోరు తెరిచి నిలబడాలి. అక్క పదేళ్ళ కింద గుళ్ళో నిలబడినట్టు నిలబడాలి.

పండగకి ముందురోజు శనివారం గుడి ముందు కొబ్బరిచెట్లకి బాకాలు కడుతుంటే వైరు చాల్లేదు. ఇంకో చుట్ట తెచ్చుకుందామని సుందరరావు ఇంటికొచ్చేడు. గుమ్మంలో అడుగుపెట్టి ఆగిపోయేడు.

లోపల ప్లేటు తిరుగుతోంది. యాంప్లిఫయర్ కట్టేసి ఉంది. నాగమణి పీట మీద కూర్చుని, కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని, ముల్లు దగ్గర చెవి ఆనించి వింటోంది. నాలుగో పాదం వచ్చింది. ఆమె కళ్ళు మూసుకుంది.

పాట అయ్యేదాకా సుందరరావు కదల్లేదు. నాగమణి ముల్లు ఎత్తి, ప్లేటు చీరచెంగుతో తుడిచి, అప్పుడు తలెత్తి చూసింది. ఉలిక్కిపడనైనా లేదు.

"పగిలిపోయిందన్నావు కదరా తమ్ముడూ," అంది.

"ఎన్నాళ్ళనుంచి అక్కా?" అన్నాడు సుందరరావు.

"నువ్వు తెచ్చిన వారం నుంచే. నువ్వు ముందుగా బాకాలు కట్టడానికి వెళ్ళినప్పుడల్లా వింటాను. ప్లేటు అంత తొందరగా అరిగిపోతోందేంటని నీకెప్పుడూ అనుమానం రాలేదా?"

వచ్చింది. సరుకు నాసిరకమని కంపెనీని తిట్టుకున్నాడు.

"నీకు బాధనిపించదా?"

"మొదట్లో అనిపించింది. కోపమూ వచ్చింది. ఇప్పటికీ ఆ మనిషంటే కోపమేరా. కానీ ఆ పాటలో పిల్ల తల వంచదు. ప్లేటులో అంతమంది ముందు ఆయన పాడేసేక ఇంక నేనెలా వంచను? బడికెళ్ళేటప్పుడు గట్టు మీద వందమంది చూస్తుంటే, ఆ నాలుగో పాదం పట్టుకునే నడిచేను. అది నా పాట. నేను వస్తుంటే అందరూ నోళ్ళు మూసుకుంటారు. అమ్మేమో ఏడుస్తుంది. నువ్వేమో పగిలిపోయిందంటావు. నా పాట నేను దొంగతనంగా వినాల్సొచ్చింది."

సుందరరావు గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. తొమ్మిదేళ్ళు అక్కని కాపాడుతున్నాననుకున్నాడు. కాపాడినవాడి మొహం చూడు!

"రేపు వైరు పీకేద్దామనుకుంటున్నావు కదూ? నీ సంగతి నాకు తెలీదూ?" అంది నాగమణి.

అతను వైరు చుట్ట కోసం వంగేడు.

"వద్దు. పాటకి ఏ అడ్డూ రాకూడదు. ఆయన పాడేముందు మాత్రం నాకు రెండు నిమిషాలు మైకు ఇప్పించు."

"ఏం మాట్లాడతావక్కా?"

"అది నేను చూసుకుంటాను. నువ్వు మైకు చూసుకో."

మర్నాడు సాయంత్రం నాలుగింటికి గుడి ముందు పందిట్లో ఇసకేస్తే రాలని జనం. మోషే కారులో దిగేడు. పట్టు లాల్చీ, మెళ్ళో గొలుసు, కాస్త పొట్ట. వేదిక మీద మైకు ఎత్తు సరిచేస్తున్న సుందరరావు దగ్గరికొచ్చి, "బాగున్నావా సుందరం? అక్క బాగుందా?" అని మెల్లగా అడిగేడు. సుందరరావు మైకు మీద వేలితో రెండుసార్లు కొట్టి "హలో, మైక్ టెస్టింగ్" అన్నాడు.

కీర్తనలు అయ్యేయి. జనం ఆ పాట కోసం ఈలలు వెయ్యడం మొదలెట్టేరు. అప్పుడు నాగమణి ఆడవాళ్ళ వైపు నుంచి లేచి, తెల్లచీర కుచ్చిళ్ళు సర్దుకుని, మెట్లెక్కింది. ఈలలు ఆగిపోయేయి. అమ్మాజీ "ఓలమ్మో" అని నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. సుందరరావు యాంప్లిఫయర్ దగ్గరికి జరిగేడు. అక్క గొంతు పూడుకుపోతే? ఏడిస్తే? రెండువేలమందికి తన బాకాలే ఆ ఏడుపు వినిపిస్తాయి. మీట కట్టేద్దామా అని చెయ్యి ఒకసారి వెళ్ళి, వెనక్కి వచ్చింది.

"అందరికీ వందనాలు," అంది నాగమణి, బడిలో హాజరు పిలిచినంత మామూలుగా. "పదేళ్ళ కింద ఈ గుళ్ళో ఒక పెళ్ళి ప్రకటన రెండుసార్లు చదివేరు. మూడోది చదవలేదు. ఇంత పండగ చేసుకుంటూ సంఘం పని ఒకటి సగంలో వదిలెయ్యడం నాకు బాగోలేదు. అయ్యగారు ఒప్పుకుంటే అది నేను చదువుతాను."

అయ్యగారు కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని, తలూపేరు.

"ఈ పేట కాపురస్తురాలు నాగమణి అను నేను, మోషే గారు కట్టిన పాటను నా పాటగా ఉంచుకొనుటకు నిశ్చయించుకొన్నాను. అది నన్ను చూసి కట్టింది. అందులో ఒక్క మాట అబద్ధం లేదు. ఆయన నాకిచ్చిన మాట మాత్రం అబద్ధం. కాబట్టి పాట నాతో ఉంటుంది, ఆయన్ని ఇవాళ్టితో వదిలేస్తున్నాను. ఇకమీదట నేను వస్తున్నానని ఎవరూ ఆ పాట ఆపొద్దు. అభ్యంతరము గలవారు ఇప్పుడే తెలుపవలెను. ఇది మూడవది, కడపటిది."

పందిట్లో చంటిపిల్లలు తప్ప ఎవరూ కదల్లేదు. నాగమణి పక్కకి తిరిగి మోషేని చూసింది. అతను చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పట్టు లాల్చీలో ఉన్నా పడవలో కూలికి నిలబడ్డ కుర్రాడిలాగే ఉన్నాడు.

"లేదండీ," అన్నాడు తలొంచుకుని. ఆ మాట మైకులో పడింది.

అమ్మాజీ చెంగు నోటి మీంచి తీసి, ఉన్న ఓపికంతా కూడదీసుకుని "ఆమేన్" అని అరిచింది. పేటంతా "ఆమేన్" అంది.

నాగమణి దిగి వెళ్ళి ముందు వరసలో కూర్చుంది. మోషే గొంతు సవరించుకుని అందుకున్నాడు. మొదటి పాదం కాస్త వణికింది. రెండో పాదానికి కుదురుకుంది. మద్రాసు నేర్పిన సోకులన్నీ ఎక్కడో జారిపోయి, పడవ మీద పాడిన గొంతు బయటికొచ్చింది. మూడో పాదం దగ్గర సుందరరావు శబ్దం పెంచే మీట పట్టుకున్నాడు. ఇన్నేళ్ళలో ఈ పాటని అతను దోమ గొంతుకి మించి విన్నది లేదు. తిప్పేడు. ఇంకా తిప్పేడు. నాలుగో పాదం కొబ్బరిచెట్ల మీద నాలుగు బాకాల్లోంచి లేచి, గట్టు దాటి, వశిష్ఠ దాటి, అవతలి ఒడ్డున బస్సు కోసం నిలబడ్డవాళ్ళ దాకా వెళ్ళింది. పాటలో పిల్ల తల వంచలేదు. పాడినవాడు వంచే ఉన్నాడు. ముందు వరసలో అక్క వీపు నిటారుగా ఉంది. అది చూసి సుందరరావు ఛాతీ ఇంతలావున పొంగింది. కళ్ళు మూసుకోకుండానే "ఆహా" అన్నాడు. అలవాటు కొద్దీ "నీ జిమ్మడ" అని కూడా అన్నాడు. ఈసారి రెంటికీ సిగ్గుపడలేదు.

ఆ నెల్లోనే పొరుగూళ్ళో ఒక పెళ్ళికి సెట్టు కట్టేడు. మొదటి పాటగా పెట్టె అడుగు నుంచి ఆ ప్లేటు తీసి వేసేడు. ఇద్దరి చెవుల కింద అరిగి అరిగి అది గరగరమంటోంది, అయినా పాడుతోంది. పెళ్ళికొడుకు తండ్రి పరుగున వచ్చేరు.

"ఏవయ్యా సుందరరావూ, ఈ ప్లేటు పగిలిపోయిందని తొమ్మిదేళ్ళనుంచి చెబుతున్నావు కదయ్యా!"

"ఆయ్, పగిలిందండి," అన్నాడు సుందరరావు, శబ్దం ఇంకొంచెం పెంచుతూ. "మా అక్క అతికించిందండి."