పురిటికి దాచిన నీళ్లు

కొరోతిమి ఇంట్లో గోడవారన మూడు బానల నీళ్లున్నాయి. మూతల మీద రాళ్లు కూడా ఎత్తి పెట్టింది. అవి తాగడానికి కావు. కూతురు మైమునాకు తొలిచూలు. పుట్టిన బిడ్డను చాచిన కాళ్ల మీద వేసుకుని, ఆకు వేసి కాచిన వేన్నీళ్లు పోసి, కాళ్లూ చేతులూ సాగదీయాల్సింది అమ్మమ్మే. ఆ ఘడియ కోసం కొరోతిమి చేతులు తహతహలాడుతున్నాయి.

కానీ కిరిబినా ఊళ్లో నీళ్లేవీ? కోతలనాటికే మునిసిపాలిటీ బావిలో బురద తేలింది. పీపాలు గాడిదబండికెత్తుకుని ఒక రోజు దారి చెరువుదాకా పోతే తప్ప గొంతు తడవదు. వియ్యపురాలు కబురంపింది: "శనివారం మావాడొచ్చి చూస్తాడు. బానలు నిండుగా ఉంటే పిల్లను పంపుతాం. పొడి చేతుల్తో పురుడు పోస్తారా ఎవరైనా?"

ఆ వారమే రాజధాని వాగడూగు నుంచి బోరుబావి తవ్వే లారీ వచ్చింది. సర్వే చేసినాయన ఊరంతా తిరిగి తిరిగి చివరికి ముసలి తిబో పెరట్లో మేకు దిగగొట్టాడు. తిబో భార్య లముసా జొన్నకల్లు కాచిన మట్టిపొయ్యిని ఆనుకునే. పొయ్యి పగలగొడితేగాని లారీ పట్టదు. లముసా పోయి ఏడాదయింది. తిబో కుదరదన్నాడు. మేయరు వచ్చి బతిమాలితే నేలచూపులు చూశాడు. లారీ శనివారం పొద్దున్నే పక్క ఊరికి వెళ్లిపోవాలి.

"కొరోతిమిని పంపండి, ఎలా ఇవ్వడో చూద్దాం," అన్నారు ఆడవాళ్లు.

ఆమె సామో, అతను మోసీ. ఆ రెండు జాతులవాళ్లూ ఎదురుపడితే తిట్టుకోవడమే మర్యాద. తాతలనాటి సరసమది. ఒకరడిగితే మరొకరు కాదనకూడదు, కోపం తెచ్చుకోకూడదు.

"ఒరే తిబో! నా బానిస ఇంట్లోనే ఉన్నాడా, గాడిదల్తోపాటు మేతకెళ్లాడా?"

"కుక్క తలకాయ కూర కంపు గుమ్మందాకా కొడితేనే అనుకున్నా, నువ్వేనని. ఏం కావాలే?"

"నీ పెరడు. బావికి."

"ఇవ్వను."

"బానిసకి పెరడేంట్రా? ఇస్తావు."

"ఇవ్వనన్నానా!"

కొరోతిమి పకపకా నవ్వింది. సామో ఆడదానితో మోసీవాడు ఇవ్వనన్నాడంటే ఇచ్చినట్టే లెక్క. గోడమీంచి కేకేసింది: "ఒప్పుకున్నాడర్రోయ్!"

లారీ వెనక్కి వెనక్కి వచ్చింది. కూలీలు గునపాలతో పొయ్యి దగ్గర చేరారు.

"చూడ్రా ముసలోడా, నీ కొంప కూల్చేస్తున్నా," అని ఉడికించి, కొరోతిమి బదులు తిట్టు కోసం చెవి ఒగ్గింది.

రాలేదు. లముసా చెయ్యి ఆనీ ఆనీ నున్నబడిన పొయ్యి అంచు మీద తిబో అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. తిట్టిన సామోకి బదులివ్వని మోసీని ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ముసలాడు నిజంగానే వద్దన్నాడు!

"ఆపండ్రా!" అంటూ గునపాలకు అడ్డంపడింది.

గోడ అవతల ఆడవాళ్లు గొల్లుమన్నారు. "నీకేం పోయేకాలమే! నీ కూతురికోసమైనా తవ్వనివ్వవే!"

ఆమె వినిపించుకోలేదు. తిబో పక్కన కూలబడి, జీవితంలో మొదటిసారి అతనితో తిట్టు లేకుండా మాట్లాడింది. "ఏం చేస్తే నీ మనసు కుదుటపడుతుంది?"

తిబో పొయ్యి అంచు నిమురుతూ అన్నాడు: "పోయేముందు రాత్రి ఎండిన జొన్న మొలకలు మూటగట్టి, 'రేపు కాస్తా'నంది. ఆ మూట అట్టాగే ఉంది. ఆ రేపు రాకుండా పొయ్యెట్టా పగలగొట్టనిస్తాను? కల్లు కాద్దామంటే నీళ్లేయి? బానలకి బానలు కావాలి."

కొరోతిమి తన ఇంటివైపు చూసింది. మూతల మీద రాళ్లు కళ్లలో మెదిలాయి. చేతులు ఒళ్లో ముడుచుకుంది.

"లేవరా, సోమరి బానిసా," అంది చివరికి. "కట్టెలు పట్రా."

మూడు బానలూ ఆ పొయ్యి మీదకే వెళ్లాయి. పగలంతా కల్లు ఉడికింది, రాత్రంతా పులిసింది. శుక్రవారం ఊరు తాగింది. మొదటి దొప్ప లముసాకని తిబో నేల మీద ఒలకబోశాడు. తర్వాత తనే గునపం అందుకుని, బూడిద ఇంకా వెచ్చగా ఉండగానే పొయ్యి పగలగొట్టాడు. చీకటి పడేవేళకు బురదనీళ్లు ఎగజిమ్మాయి, ఆపైన తెల్లటివి. ఆడవాళ్లు ఆ బురదలోనే ఆడారు.

శనివారం అల్లుడొచ్చి మూతలెత్తాడు.

"ఖాళీ బానలేగా అత్తా."

"బావి పడింది నాయనా. వెళ్లి చూసిరా."

"చూశా. బోరుకి మూతేసి పోయారు, పంపు బిగించేసరికి పక్షం పడుతుందంట. నర్సేమో ఈ వారమే కాన్పంటోంది."

ఇంటికొచ్చిన అల్లుడికి తాగడానికి చెంబెడు నీళ్లివ్వడానికి కూడా ఆమె దగ్గర లేవు. అతను మోటారుసైకిలు తిప్పుకుని వెళ్లిపోయాడు.

పంపు బిగించిన రోజు మొదటి బిందె కొరోతిమిదే అన్నారు అందరూ. అప్పటికే మైమునాకు ఆడపిల్ల పుట్టింది. "అత్తయ్యే పోస్తోందమ్మా. చెయ్యి మంచిదే, పిల్ల ఏడవట్లేదు," అంది ఫోన్లో.

కొరోతిమి ఆ నీళ్లు తన పెరట్లో పొయ్యి మీద పెట్టి, ఆకు వేసి కాచింది. పీట వేసుకుని, కాళ్లు చాపి కూర్చుని, మోచేత్తో వేడి చూసింది. తిబో దడి దాటి వచ్చాడు.

"ఎవరికే ఆ నీళ్లు, కుక్కలు తినేదానా?"

కొరోతిమి బదులు తిట్టలేదు. చాచిన కాళ్ల మీద, బిడ్డ వీపు ఆనే చోట, ఓ చెంబు పోసుకుంది.

తిబో గొంతుక్కూర్చుని, నీళ్లు చల్లారకుండా ఇంకో కట్టె పొయ్యిలోకి తోశాడు.