ముందు చక్రాల లోపలి అంచు

పాతికేళ్ళుగా చుట్టాల్లో ఎవరు కారు కొన్నా, ముందు టైర్లాయనను వెంటబెట్టుకునే షోరూముకి వెళ్ళేవారు. అతను బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, బానెట్ ఎత్తి, ఇంజిన్ చప్పుడు చెవి ఒగ్గి విని, "ఊఁ, తీసుకోండి" అంటేనే బేరం కుదిరేది. రోజంతా తన టైర్ల షాపులో రబ్బరు మసిలో మునిగే ఆ చేతులకు, చుట్టాలిళ్ళలో గొప్ప మర్యాద.

అలాంటిది, స్వయానా చెల్లెలి మొగుడు, కాలేజీలో లెక్కలు చెప్పే బావ, మాటమాత్రమైనా చెప్పకుండా కరెంటు కారు కొనేశాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం అది పిల్లిలా వచ్చి ఇంటి ముందు ఆగింది.

"దీనికి ఇంజినే లేదు కదా బావా, ఇంక నిన్నెందుకు తిప్పడమని!" అని నవ్వాడు బావ.

అన్నవాడికి మామూలు మాటే. విన్నవాడికి నలుగురిలో చెంప చెళ్ళుమన్నట్టయింది.

అక్కడితో ఆగినా బాగుండేది. లెక్కల మనిషి కదా, కలిసినప్పుడల్లా కారు ఖర్చు ఏకరువు పెట్టేవాడు. "ఆయిల్ మార్చే పనిలేదు, ఫిల్టరు లేదు, బెల్టు లేదు, క్లచ్చు లేదు. ఇంట్లో ప్లగ్గు పెడితే చాలు, బండికి కడుపు నిండిపోతుంది. నెలకి కరెంటు బిల్లు ఎంత పెరిగిందో తెలుసా? మా ఇంట్లో పాలకయ్యే ఖర్చంత కూడా లేదు!"

"బ్యాటరీ పోతే మాత్రం ఇల్లు గుల్లే బావా" అన్నాడొకసారి టైర్లాయన, ఆశగా.

"ఎనిమిదేళ్ళు గ్యారంటీ ఇచ్చారు."

"మరి బ్రేకులో?"

"కాలు తీస్తే బండి దానంతటదే నెమ్మదిస్తుంది. ప్యాడ్లు అరగనే అరగవు. ఇన్సూరెన్సు ఒక్కటే కాస్త ఎక్కువ. అది కలుపుకున్నా నీ వ్యాను ఖర్చులో సగం రాదు."

వాళ్ళు వెళ్ళాక టైర్లాయన భార్య పుండు మీద కారం చల్లేది. "మీ చెల్లెలు పెట్టి పుట్టిందండీ. మన వ్యానేమో లేచింది మొదలు తాగుతూనే ఉంటుంది." ఆ మాటకు అతనికి అన్నం సయించేది కాదు. అందరూ తన వ్యాను కేసి జాలిగా చూస్తున్నారనిపించేది. ఈమధ్య ఒక మేనమామ కొడుకు కూడా కారు కొనాలనుకుని, నేరుగా లెక్కల బావకే ఫోన్ చేశాడట.

ఏడాది తిరిగేలోపు ఒకనాడు బావ షాపుకి వచ్చాడు. "కాస్త గాలి చూడు బావా" అని, పక్క దుకాణంలో ఏదో కొనడానికి వెళ్ళాడు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఆపడంతో ముందు చక్రాల లోపలి వైపు కనిపించింది. టైర్లాయన వేలితో తడిమి చూశాడు. బయటి అంచు కొత్త టైరులా ఉంది. లోపలి అంచు గాడులు చెరిగి నున్నబడుతోంది. చూడగానే తెలిసిపోయింది: అలైన్‌మెంటు తప్పి చక్రాలు వంకరగా తిరుగుతున్నాయి. అసలే బరువైన బండి, పైగా కాలు ఆనించగానే దూకే బండి, టైర్లను సబ్బుబిళ్ళలా కరిగించేస్తోంది.

దొరికావు, అనుకున్నాడు. ఎన్నాళ్ళ తర్వాతో అతనికి కడుపు చల్లబడింది.

"టైర్లెలా ఉన్నాయి బావా?" తిరిగొచ్చి అడిగాడు బావ.

"భేషుగ్గా ఉన్నాయి."

ఇంకో మూడు నెలలు తిరగనీ, అనుకున్నాడు. రెండు టైర్లూ ఒకేసారి పోతాయి. అప్పుడు అందరి ముందూ ఆ ఖర్చు తన నోటితోనే చెప్పాలి. తరువాతి నెల బావ మళ్ళీ వచ్చాడు. మళ్ళీ "భేషుగ్గా ఉన్నాయి" అన్నాడు. పైరు ఏపుగా ఎదుగుతుంటే చూసుకుని మురిసే రైతులా, అతను ఆ అరుగుదల చూసుకుని మురిసిపోయాడు.

మూడో నెల ఒక పొద్దున, కుండపోత వాన. చెల్లెలు ఆ కారే తోలుకుంటూ వచ్చి షాపు ముందు ఆపింది. వెనక సీట్లో ఆమె అత్తగారు.

"అన్నయ్యా, అత్తయ్యని కంటి ఆసుపత్రికి తీసుకెళ్తున్నా. వదిన గొడుగు తిరిగిచ్చేద్దామని ఆగాను. ఘాటు రోడ్డు దాటేలోపు వాన తగ్గితే బాగుండు."

అతను గొడుగు అందుకోలేదు. వానలోనే ముందు చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని లోపలికి చెయ్యి పెట్టాడు. వేలికి తీగలు గుచ్చుకున్నాయి. రబ్బరు పోయి టైరు ఎముకలు బయటపడ్డాయి.

"దిగు. పెద్దావిణ్ణి లోపల కూర్చోబెట్టు."

"ఆలస్యమవుతుంది అన్నయ్యా..."

"దిగమంటుంటే!"

జాకీ ఎత్తాడు. నట్లు రెండుసార్లు చేతిలోంచి జారిపడ్డాయి. ఆ బరువుకు తగ్గ టైర్లు షాపులో ఉన్నవి రెండే. అవే ఎక్కించి, అలైన్‌మెంటు సరిచేశాడు. చెల్లెలు విప్పిన టైరును కాలితో దొర్లించి, వంగి లోపలి అంచు చూసింది.

"ఇది నిన్నా మొన్నా అరిగింది కాదు కదూ?"

"కాదు."

"ఆయన నెలనెలా నీకే చూపించుకుని వచ్చారుగా. నువ్వు చూళ్ళేదా?"

అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "చూశాను."

ఆమె పర్సు తెరిచింది. టైర్ల ధర పైసాతో సహా బల్ల మీద పెట్టింది. వద్దన్నా వినలేదు. అత్తగారి చెయ్యి పట్టుకుని కారెక్కించుకుని వెళ్ళిపోయింది.

తరువాతి ఆదివారం చెల్లెలింట్లో భోజనాలు. రానంటే భార్య ఊరుకోలేదు. విస్తరి ముందు కూర్చోగానే బావ అందుకున్నాడు. "మా బావ వానలో తడుస్తూ చూశాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఘాటులో ఏమయ్యేదో! బావ చెయ్యి పడకుండా ఎవరూ కారు కొనకండర్రా!"

చెల్లెలు మొగుడికి ఏమీ చెప్పలేదన్నమాట. టైర్లాయన తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. ఏ మాట కోసం ఏడాదిగా కుతకుతలాడాడో, ఆ మాటే అందరి ముందూ వినబడింది. చెల్లెలు మాత్రం అతని వంక చూడకుండా వడ్డిస్తోంది.

"అయినా చూడు బావా," బావ ఉత్సాహంగా అన్నాడు, "ఆ టైర్లు కలుపుకున్నా ఖర్చు తక్కువే!"

అంత సిగ్గులోనూ టైర్లాయనకు ఆ మాట చురుక్కున తగిలింది. అది తెలిసేసరికి తన మీద తనకే అసహ్యం వేసింది.

"రెండు నెలల ముందే చూశాను బావా."

"ఏంటి?"

"లోపలి అంచు పోతోందని మొదట గాలి పట్టిన రోజే చూశాను. చెప్పలేదు. నన్నడక్కుండా కొన్నావని కుళ్ళుకున్నాను. నీకు ఖర్చు తగలాలనుకున్నాను. అంతే."

బావ చెయ్యి ముద్ద దగ్గరే ఆగింది. "మా అమ్మ ఉంది ఆ కార్లో" అన్నాడు నెమ్మదిగా. ముద్ద వదిలేసి, చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

రెండు నెలలు బావ షాపు వైపు రాలేదు. ఊరవతల వేరే షాపులో గాలి పట్టిస్తున్నాడని తెలిసింది. టైర్లాయన రెండుసార్లు ఇంటికి వెళ్ళాడు. ఒకసారి పెద్దావిడ తలుపు తీసి, కాఫీ ఇచ్చి పంపింది. రెండోసారి బావ ఇంట్లో ఉండి కూడా గదిలోంచి రాలేదు.

మూడో నెల ఒక ఉదయం కారు వచ్చి షాపు ముందు ఆగింది. బావ దిగి తాళం బల్ల మీద పెట్టాడు. "టైర్లు ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ మార్చాలట. మీ చెల్లెలు నీ దగ్గరికే వెళ్ళమంది."

నాలుగు చక్రాలూ విప్పి, లోతు కొలిచే పుల్ల టైరు గాడుల్లో దించి, ఒక్కొక్కటే చూశాడు టైర్లాయన. తరువాత కారెక్కి అలైన్‌మెంటు గుంట దాకా తోలాడు. మొదటిసారి అతను ఆ సీట్లో కూర్చోవడం. చప్పుడు లేదు, కుదుపు లేదు. వెన్నలా కదిలింది. ఛీ, ఎంత బావుంది, అనుకున్నాడు. పాత మంట మళ్ళీ రాజుకుంది.

దిగి, చేతులు తుడుచుకుంటూ చెప్పాడు. "కొత్తవి రెండూ బాగున్నాయి. పాత రెండిట్లో ఎడమది ఇంకో నాలుగువేల కిలోమీటర్లకు మించి రాదు. ఇప్పట్నుంచే డబ్బు పక్కన పెట్టుకో. ఈ బండికి టైర్ల ఖర్చు ఎక్కువే ఉంటుంది బావా."

బావ వంగి, తనే లోపలి అంచు తడిమి చూసుకున్నాడు. "సరే" అని తాళం తీసుకున్నాడు.